వెంకటరాయప్ప గడప

శుక్రవారం పొద్దున సాదలిలో అన్ని ఇండ్ల ముందరా ఒకటే పని. కసువు ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, గడప కడిగి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం. లక్ష్మీదేవమ్మ ఇంట్లోనూ అంతే. కాకపోతే ఆమె గడప కడిగేటప్పుడు, లోపల పడసాలలో మంచం మీదున్న కొడుకు వెంకటరాయప్ప ఊరికే ఉండేవాడు కాదు.

"అమ్మా, మెల్లగమ్మా! తోలు లేసిపోతాది!"

"పీచుతో రుద్దకపోతే జిడ్డు యాడ పోతాదిరా?"

"జిడ్డు ఉండనీలే. ఆ ఎడమపక్క మడమ కాడ ముట్టొద్దు, చక్కిలిగింత!"

లక్ష్మీదేవమ్మ గొణుక్కుంటూనే, ఎడమ కొసకు వచ్చేసరికి కొబ్బరిపీచు పక్కన పెట్టి అరచేత్తో తుడిచేది. పెరట్లో పట్టుపురుగుల కొట్టంలో తట్టల మీద మల్బరీ ఆకు చల్లుతున్న కోడలు కెంపమ్మకు ఆ మాటలన్నీ వినబడేవి. నవ్వొచ్చేది. నవ్వి ఎవరికి చూపించాలి అని ఊరుకునేది.

సంగతేమంటే, మూడేండ్ల కింద, ఆ దొరల యుద్ధం మొదలైన ఏడు, వెంకటరాయప్ప కపిలెబావి గిలక సరిచేయడానికని మోకు పట్టుకొని బావి మీద వేలాడినాడు. మోకు తెగింది. నీళ్ళలో పడుంటే తల తుడుచుకొని పైకొచ్చేవాడు; రాతిమెట్టు మీద పడ్డాడు. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో నెలా పదిరోజులు ఉంచుకొని, నడుము కింద ఇంక స్పర్శ రాదని చెప్పి పంపించినారు. డాక్టరు మాట అబద్ధమేం కాదు, సూది గుచ్చితే అరికాలు పలకలేదు. కానీ అంత స్పర్శ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా! నలుగురు మనుషులు మంచంతో సహా మోసుకొచ్చి ఇంట్లోకి దూరుస్తుంటే, మంచంకోడు ఠపీమని గడపకు తగిలింది.

"అబ్బా, నా కాలివేలు!" అని వెంకటరాయప్ప కేక పెట్టినాడు.

మోసేవాళ్ళు గాభరాగా చూసినారు. కాళ్ళు దుప్పట్లో భద్రంగా ఉన్నాయి. గడప చెక్క మీద మాత్రం చిన్న సొట్ట పడింది.

అంతటితో అందరికీ తెలిసిపోయింది. కాళ్ళలో ఉండాల్సింది గడపలోకి వచ్చి కాపురం పెట్టింది. ఎడమ కొస ఎడమపాదం, కుడి కొస కుడిపాదం, నడిమికి వచ్చేకొద్దీ మోకాళ్ళు, తొడలు. దాని గురించి సాదలిలో ఎవరూ చెవులు కొరుక్కోలేదు, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. వచ్చేవాళ్ళు చెప్పులు వీధిలోనే విడిచి, పంచె ఎగదీసి, కాలెత్తి దాటేవాళ్ళు. ఎప్పుడైనా తగిలితే "తగిల్నాదా అప్పా, తెలీక" అని గడపకు కాదు, మంచం వైపు చూసి దండం పెట్టేవాళ్ళు. గాజులమ్మే ఆయన గంప దించబోయి, గుర్తొచ్చి నాలుక కరుచుకొని, అరుగు మీద దించేవాడు. చలికాలం లక్ష్మీదేవమ్మ గడపకు గోనెపట్టా కప్పేది. ఎండలు ముదిరితే తడిగుడ్డ పరిచేది. ఒకసారి చీమలు పట్టినాయి, ఆ పూటంతా వెంకటరాయప్ప "ఈడ బెల్లం తినింది ఎవురు?" అని ఇల్లంతా ఏకం చేసినాడు.

ఇంతమందికి ఇన్ని తెలుసు. అయినా చూడండి, గడపలోకి వచ్చింది నొప్పీ, చలీ, చక్కిలిగింతా మాత్రమే అనుకున్నారు గానీ, వాటి వెనకాల ఇంకేమైనా వచ్చిందేమో అని ఒక్కరికీ తట్టలేదు.

మంచం పడసాలలోకి వచ్చిన రోజే లక్ష్మీదేవమ్మ కోడలి చాప చుట్టి కొట్టంలో పెట్టింది. "పురుగులకు తోడు పడుకోమ్మా, ఎలుకలు వస్తాండాయి" అనింది. కోపంతో కాదు, పాపం. కొడుకు పక్కన తనే పడక వేసుకుంది, దాహం అంటే లేవాలని, ఒత్తిగిల్లించాలని. ఆ రోజుకు కెంపమ్మకు ఇరవై ఒకటి. కాపురానికి వచ్చి రెండేండ్లు. ఇప్పుడు ఇరవై నాలుగు.

సంగటి పెట్టడం, స్నానం చేయించడం, వీపుకు నూనె రాయడం అన్నీ కెంపమ్మ చేసేది. ప్రతిదానికీ అత్త పక్కనే ఉండేది, ఒక చెయ్యి వేసేది. మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు "ఉప్పు చాల్నా?" "చాలు" దాటి మాట్లాడి ఎన్నాళ్ళయిందో! బావి దగ్గర ఆడవాళ్ళు "పాపం కెంపమ్మ" అనేవాళ్ళు. ఆ పాపం అన్న మాట వింటే కెంపమ్మకు ఒళ్ళు మండేది.

వెనకటి రోజుల్లో ఆయనకొక పాడు అలవాటు ఉండేది. నిద్రలో కాలు తెచ్చి ఆమె మీద వేసేవాడు. మడక దున్నే కాలు, మొద్దులా బరువు. "తీయ్ మామా, నడుం ఇరిగిపోతాది" అని ఆమె నెట్టేది. నెట్టినకొద్దీ ఇంకా వేసేవాడు. ఇప్పుడు కొట్టంలో, ఆకు నమిలే పురుగుల సద్దు మధ్య ఒంటరిగా పడుకుంటే కెంపమ్మకు ఏడుపు వచ్చేది ఆ బరువు కోసమే. దాన్ని ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే నవ్విపోరూ?

ఇట్లా ఉండగా ఆమె అన్న మునినారాయణ వచ్చినాడు. మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. అరుగు మీద కూర్చొని, మజ్జిగ తాగి, గొంతు సవరించుకొని చెప్పినాడు. నాగరగెరెలో గంగప్ప అని ఉండాడు, పెండ్లాం పోయింది, పిల్లలు లేరు, నెమ్మదస్తుడు. కెంపమ్మను మారుమనువు చేసుకుంటానంటాడు. మన కులంలో తప్పేమీ లేదు. పెద్దలను పిలిపించి తెగదెంపులు చేసుకుంటే సరిపోతాది.

"చిన్న పిల్ల, అత్తా. మొగుడు లేని మనిషి మాదిరి యాల బతకాల?" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది. కాదనలేదు. లోపల మంచం మీది నుంచి వెంకటరాయప్ప "పోనీ బావా, నువ్వు చెప్పేది న్యాయమే" అన్నాడు. వచ్చే శుక్రవారం కులపెద్దలు వస్తారని నిశ్చయం చేసుకున్నారు. తలుపు వెనక నిలబడ్డ కెంపమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మంగళవారం లక్ష్మీదేవమ్మ పట్టుగూళ్ళు బండికెత్తుకొని శిడ్లఘట్ట సంతకు పోయింది. మూడేండ్లలో ఇంట్లో వాళ్ళిద్దరే ఉండటం అదే మొదలు. మిట్టమధ్యాహ్నం. కెంపమ్మ చేతులు కడుక్కొని వచ్చి మంచం ముందర నిలబడింది.

"నన్ను నాగరగెరెకు పంపిస్తాండావా?"

వెంకటరాయప్ప దూలం వైపు చూస్తూ పడుకున్నాడు. "గంగప్ప మంచోడంట."

"మంచోడయితే నువ్వే పో, చేసుకో! నన్ను ఎవురన్నా అడిగినారా? మా అన్న అడిగినాడా, మీ అమ్మ అడిగిందా, నువ్వు అడిగితివా?"

"నేను మొగుడుగా పనికిరాను కెంపీ. తెలిసే అంటాండా."

"యాడ తెలిసింది? ఎవురు చూసినారు? మూడేండ్లయింది నా మొగం చూసి!"

ఆయన ఇంకా దూలం వైపే చూస్తున్నాడు. కెంపమ్మకు కోపం ముంచుకొచ్చింది, దాంతో పాటు ఏడుపూ వచ్చింది. గిర్రున తిరిగి నాలుగడుగులు వేసి, యాడికి పోవాలో తెలియక, ధబుక్కున గడప మీదనే కూలబడింది.

ఏ గడప మీదా కూర్చోకూడదు. ఈ గడప మీద అసలే కూర్చోకూడదు. తెలిసీ ఆ క్షణాన మరిచిపోయింది. వెనక పెద్దగా ఊపిరి తీసిన చప్పుడు వినబడింది. గబుక్కున లేవబోయింది.

"లేయొద్దు," అన్నాడు వెంకటరాయప్ప.

"నొప్పా?"

"కాదు."

ఆ ఒక్కమాట అన్న గొంతు ఆమెకు తెలుసు. మూడేండ్లు వినలేదు గానీ, మరిచిపోయే గొంతు కాదది. మెల్లగా తల తిప్పి చూసింది. ఆయన దూలం వదిలిపెట్టి ఆమెనే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడినాయి. పెండ్లయిన కొత్తలోనూ అంతే, ముందు చెవులు ఎర్రబడేవి ఆయనకు.

కెంపమ్మ గడప మీద అరచెయ్యి ఆనించింది. చెక్క వెచ్చగా ఉంది. ఎండ తగిలి వెచ్చగా ఉందో ఏమో, ఆమె ఆ సంగతి ఆలోచించలేదు. ఎడమ కొసన మడమ దగ్గర వేలితో గీకింది.

"ఏయ్! చక్కిలిగింత!"

"తెలుసు. ఊరందరికీ తెలుసు." చెయ్యి కొంచెం ఇవతలికి జరిపింది. "ఇది ఎవురికి తెలుసు?"

ఆయన మంచం నులక పట్టుకున్నాడు. "ఎవురికీ తెలీదు. నాకే తెలీదు ఈ పొద్దు దాకా. మా అమ్మ పీచుతో రుద్దితే ఏం తెలుస్తాదే!" అన్నాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఎంత నవ్వినారంటే కెంపమ్మ కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

నవ్వు ఆగినాక చిక్కు అర్థమయింది. మంచం ఆ గోడ దగ్గర, గడప ఈ కొసన. గడప దగ్గరుంటే ఆయన అందడు. ఆయన దగ్గరుంటే గడప అందదు.

"ఈడికి రావే," అన్నాడు ఆయన.

"నేనొస్తే ఇది ఈడనే ఉండిపోతాది కదా. నువ్వే రా."

"నేను యాడొచ్చేది?"

"నేను తెస్తా ఉండు."

తలుపు దగ్గరికేసింది. మంచం కోళ్ళు పట్టుకొని ఈడ్చింది. అలికిన నేల మీద మంచం కిర్రుమంటూ జానెడు జానెడు జరిగింది. ఆయన చేతులతో గోడను నెడుతూ, "మెల్లగ! గడపకు గుద్దేవు, ఇంకో వేలు పోతాది!" అని హెచ్చరిస్తూ ఉన్నాడు. గడప పక్కనే చాప పరిచి, దుప్పటితో సహా ఆయన్ను దించుకునేసరికి ఆమె చెమటతో తడిసిపోయింది. తల్లి లేకుండా ఆయన్ను ఎత్తడం అదే మొదలు. పడిపోలేదు. ఏమీ కాలేదు.

"బరువున్నానా?" అన్నాడు.

"నీకెప్పుడూ బరువే."

తర్వాతిది వాళ్ళిద్దరి సంగతి. పాతదేదీ పాత తీరున రాలేదు. ఏది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇదా, కాదు ఇంకొంచెం ఇవతల, ఇప్పుడా, ఊఁ. పెండ్లయిన కొత్తలో సిగ్గుతో ఒక్కమాటా మాట్లాడుకోని వాళ్ళు ఆ మధ్యాహ్నం అన్నీ మాటల్లోనే చెప్పుకున్నారు. చేతులు ఆయనవి, గట్టిగానే ఉన్నాయి. జడ విప్పడం మరిచిపోలేదు. ఒకచోట కుదరక నవ్వుకున్నారు, ఒకచోట కుదిరి ఏడ్చుకున్నారు. చివరికి కెంపమ్మ ఆయన భుజం మీద తల పెట్టుకొని పడుకొని, కాలు చాచి గడప మీద వేసింది.

"తీయ్ కెంపీ," అన్నాడు వెంకటరాయప్ప కండ్లు మూసుకొని, "నడుం ఇరిగిపోతాది."

ఆమె తీయలేదు. ఇంకా బరువుగా వేసింది.

సాయంత్రానికి మంచం యథాస్థానానికి చేరింది. చాప కొట్టంలోకి పోయింది. అయితే అలికిన నేల మీద మంచంకోళ్ళ గీతలు నాలుగు, గోడ నుంచి గడప దాకా మిగిలిపోయినాయి. లక్ష్మీదేవమ్మ సంత నుంచి వచ్చి, గడప దాటి, ఆ గీతలు చూసింది. చాలాసేపు చూసింది.

"వానికి ఏమన్నా అయ్యుంటే?" అనింది కోడలితో, పొయ్యి దగ్గర.

"ఏమీ కాలేదత్తా."

"బావిలో నుంచి వాన్ని ఎట్ల తీసినారో నువ్వు చూసినావు కదే. మళ్ళీ అట్ల కిందేసుకుంటే నేను తట్టుకోలేనమ్మా. నువ్వు పడుచుదానివి. నాగరగెరెలో సుఖంగా ఉండు పో. నా బిడ్డను ఆశ పెట్టి చంపొద్దు."

కెంపమ్మ ఏం చెప్పగలదు? అత్తతో చెప్పే మాటలా అవి? పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

శుక్రవారం రానే వచ్చింది. లక్ష్మీదేవమ్మ గడప కడిగి పసుపు పూసింది. పసుపు ఆరకముందే ఐదుగురు పెద్దలు వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. నడిమధ్య కర్ర పట్టుకొని ఆంజనేయప్ప, కులానికి పెద్ద, తలపాగా నెరిసిపోయిన మనిషి. కింద మునినారాయణ నిలబడినాడు. తలుపు బార్లా తీసి ఉంది, లోపల మంచం మీద వెంకటరాయప్ప దిండ్లకు ఆనుకొని కనబడుతున్నాడు. కెంపమ్మ మూట పెట్టుకొని గడప లోపల నిలబడింది. ఆ ఇండ్లల్లో పద్ధతేమంటే, ఆడమనిషి కాలిమెట్టెలు తీసి గడప మీద పెట్టి బయటికి దాటితే ఆ మనువు తెగినట్టే. ఇంక ఎవరి తోవ వాళ్ళది.

"వెంకటరాయప్పా, నీ మాటేమి?" అన్నాడు ఆంజనేయప్ప.

వెంకటరాయప్ప మళ్ళీ దూలం వైపు చూసినాడు. "పొమ్మని నేను చెప్పనప్పా. ఉండమని అడిగే మొగం నాకు లేదు."

కెంపమ్మకు ఆయన్ను అక్కడే నాలుగు దులపాలనిపించింది. మంగళవారం అన్ని మాటలు చెప్పిన నోరు నలుగురు కనబడేసరికి మూతబడిపోయిందా!

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు ఆంజనేయప్ప, తల దించుకొని, ఆడపిల్లను అడగడానికి ఆయనకూ కష్టంగానే ఉంది. "ఈయప్ప నీకు మొగుడుగా ఉండాడా, లేదా? ఉండాడంటే మేము లేసి పోతాం. లేదంటే మెట్టెలు తీయి."

"ఉండాడు," అనింది కెంపమ్మ.

మునినారాయణ అడ్డం వచ్చినాడు. "జాలితో అంటాండాది పెద్దప్పా. చిన్నప్పటి నుంచీ అంతే, కుంటి కోడిపిల్లను కూడా వదల్దు. దాని మాట పట్టించుకోవద్దండి. మొగుడుగా ఉండాడంటే ఎట్ల ఉండాడో చెప్పమనండి!"

ఐదుగురు పెద్దలూ ఇబ్బందిగా కదిలినారు. కెంపమ్మ మొగం మండిపోయింది. ఎట్ల చెప్పాలి? ఏ ఆడది చెప్పగలదు ఐదుగురు మొగవాళ్ళ ముందర, తోడబుట్టినవాని ముందర? చెప్పకపోతే మూట చంకనెత్తుకొని బండెక్కాలి. ఈ ఇంట్లో ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఇంక లేవడు. ఆమెకు అది స్పష్టంగా తెలుసు.

"కానీయమ్మా, పొద్దెక్కుతాండాది," అన్నాడు అన్న, మెత్తగా.

కెంపమ్మ వంగి, కాలి వేలి మెట్టె మీద చెయ్యి వేసింది. లక్ష్మీదేవమ్మ మొగం తిప్పుకుంది. కెంపమ్మ మెట్టె తీయలేదు. నిటారుగా లేచి, మెట్టె ఉన్న కాలే ఎత్తి, పచ్చి పసుపు పూసిన గడప నడిమధ్య పెట్టింది.

"కెంపీ! గడప తొక్కుతాండావే!" అని అత్త అరిచింది.

ఆమె వినలేదు. మొగుడి కండ్లలోకే చూస్తూ, పాదం మొత్తం ఆనించి, బరువంతా దాని మీదకు తెచ్చి, పసుపు తడి మీద మెల్లగా ఎడమకు జరిపింది.

వెంకటరాయప్ప చెవులు ఎర్రబడినాయి. తర్వాత మెడ. చేతుల మీద రోమాలు నిక్కపొడుచుకోవడం అరుగు మీది నుంచి కూడా కనబడింది. ఒక చేత్తో నులక పట్టుకున్నాడు, ఇంకో చేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు. కండ్లు మూతలు పడినాయి.

"కెంపీ," అన్నాడు, ఊపిరి అందక, ఎంతో ఇష్టంగా. "అందరూ ఉండారే..."

అరుగు మీద ఒక పెద్దమనిషి పెంకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూసినాడు. ఇంకొకాయన ఒళ్ళో లేని దారం పోగు దులుపుకున్నాడు. మునినారాయణ నోరు తెరిచి, మూసుకొని, వీధి వైపు తిరిగి, అటు పోతున్న బర్రెను అదేపనిగా చూస్తూ నిలబడినాడు. ఆంజనేయప్ప అందరికంటే ముందు కర్ర పట్టుకొని లేచినాడు.

"లేయండప్పా, లేయండి. ఒకరింట్లో తలుపు తట్టకుండా తీసినాం. తప్పయిపోయింది." రెండు మెట్లు దిగి ఆగినాడు. "మునినారాయణా, మీ చెల్లెలికి మొగుడుండాడు. గంగప్పకు ఇంకో సమ్మంధం చూడు."

"నాకేం తెలుసు పెద్దప్పా," అన్నాడు మునినారాయణ, బర్రెను చూస్తూనే. కండువాతో మొగం తుడుచుకున్నాడు. "ఎవురన్నా చెప్తే కదా!"

అందరూ పోయినారు. కెంపమ్మ కాలు తీసింది. గడప మీద పసుపులో పాదం గుర్తు పడింది, వేలి మెట్టెతో సహా. అప్పుడు ఆమె, ఎంత పని చేసినాను తల్లీ అనుకుంటూ మూట పక్కనే కూలబడింది.

లక్ష్మీదేవమ్మ కొడుకు వైపు చూసింది. మూడేండ్లలో ఆ మొగం అట్లా ఉండగా ఆమె చూడలేదు. వాడికి ఏమీ కాలేదు. వాడు సిగ్గుపడుతున్నాడు, అంతే. ఆమె గడప ముందర కూర్చొని, పీచు చేతిలోకి తీసుకొని, తన గరుకు అరచేతుల్ని ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఇన్నాళ్ళూ వాని ప్రాణం తీసినానే," అని తనలో తను అనుకుంది. పీచు తీసి వీధిలోకి విసిరేసింది. పసుపుగిన్నె తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. "ఇంక శుక్రవారాలు నువ్వు చూసుకో. చెరిగిపోయిన కాడ మళ్ళీ పూయి. నెమ్మదిగా."

తర్వాత కొట్టంలోకి పోయి కెంపమ్మ చాప తెచ్చి, గడప లోపలి పక్కన దించింది. కొడుకు "అమ్మా..." అనబోతే "నువ్వు నోరు ముయ్యి" అనింది. మూలనున్న తమలపాకుల పెట్టె చంకలో పెట్టుకుంది. పురుగులకు ఆకు తను వేసిపోతాననీ, పక్కింట్లో పని ఉందనీ, పొద్దుగూకేదాకా రాననీ ఎవరినీ చూడకుండా చెప్పింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదీసి, ఈ వయసులో అంత ఎత్తున కాలెత్తి, గడపకు చీర అంచు కూడా తగలకుండా దాటి, వెనక్కి చెయ్యి చాచి తలుపు దగ్గరికేసింది.

నాలుగడుగులు వేసి ఆగింది.

"గడియ పెట్టుకోండే," అని వీధిలో నుంచి కేకేసింది. "ఆవులు దూరతాయి."